ఓర్లిందా చూసుకున్న మనిషి

ఆ లోయలో ఓర్లిందా గయేగోస్ చేత సూది పొడిపించుకోని ఇల్లు లేదంటే అది పెద్ద అబద్ధమేమీ కాదు. కాన్పుల గదిలో కొన్నేళ్లు, ఎముకలు విరిగినవాళ్ల వార్డులో కొన్నేళ్లు పనిచేసి, నలభై దాటాక డయాలిసిస్ గదికి వచ్చి అక్కడే స్థిరపడింది. పొట్టి మనిషి. నడక గాలివేగం, మాట మాత్రం నిదానం. ఆమె నరం పట్టిందంటే చీమ కుట్టినట్టయినా ఉండదని పేరు. భర్త బెనీ బంగాళాదుంపల గిడ్డంగిలో మేస్త్రీ. సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరాక, "నా చేతులు మట్టి కంపు, నీ చేతులు మందు కంపు. పెళ్లి నాడు ఫాదర్ ఈ సంగతి చెప్పలేదు" అని నవ్వేవాడు.

డయాలిసిస్ గదికి పడమటి గోడ నిండా కిటికీలే. కుర్చీలో వెనక్కి వాలితే సాన్ హువాన్ కొండలు ఎదురుగా ఉంటాయి. వారానికి మూడు రోజులు వచ్చి, చేతికి రెండు సూదులు పెట్టించుకుని, పూట పూటంతా కూర్చోవాలి. రక్తం యంత్రంలోకి వెళ్లి శుభ్రపడి తిరిగి వస్తుంది. కిడ్నీలు పాడైన మనిషికి ఊపిరి అదే, గుంజకు కట్టేసిన తాడూ అదే. రెండు రోజులకు మించి ఎక్కడికీ పోవడానికి లేదు.

ఒక శరత్కాలంలో ఆ గదికి సెలెస్తీనో వీహిల్ వచ్చాడు. డెబ్భై దాటిన గొర్రెల కాపరి. పెళ్లి చేసుకోలేదు. మీసాలు రాని రోజుల నుంచి ప్రతి వేసవీ మందతో పాటు కొండెక్కి, మంచు పడే ముందు దిగివచ్చిన మనిషి. మంద ఇప్పుడు మేనల్లుడు ఎలోయ్‌ది. ఎన్నాళ్ల నుంచో పట్టించుకోని రక్తపోటు ఆయన కిడ్నీలను తినేసింది. వచ్చేవాడు, టోపీ తీయకుండా కూర్చునేవాడు, చెయ్యి చాపేవాడు. అంతే. అడిగినదానికి ఊ అన్నా గొప్పే. ఒక్కోసారి రావడమే మానేసేవాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మునిగిపోతున్నవాడిలా ఎగపోస్తుంటే ఎలోయ్ ట్రక్కులో వేసుకుని తెచ్చేవాడు.

"వచ్చాడమ్మా మహారాజు," అనేది తోటి నర్సు మార్లిస్. "టోపీ తియ్యడు, నోరు తెరవడు, చెప్పిన మాట వినడు. మనం ఇక్కడ ఎందుకున్నామో ఆయనకి తెలుసంటావా?"

ఆ చలికాలమే, ఉద్యోగాలు చేస్తున్న నర్సుల కోసం కాలేజీలో శనివారం క్లాసులు పెట్టారు. డెన్వర్ నుంచి కనుమ దాటి కారు నడుపుకుంటూ థెల్మా రస్ట్ అనే పెద్దావిడ వచ్చేది. ఆవిడా ఒకప్పుడు వార్డుల్లో పనిచేసిన నర్సే. మనిషిని చూసుకోవడం గురించి ఒక సిద్ధాంతం ఉందని, నర్సు పనికి అదే గుండెకాయ అని చెప్పేది.

"రోగి దగ్గరికి వెళ్లే ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగండి. మీ ఇంటి గొడవ అక్కడే వదిలేసి, మొత్తం మనిషిగా లోపలికి వెళ్లండి. ఆయన కిడ్నీని కాదు, ఆయన్ని చూడండి. ఆయన ఉన్న లోకం ఎలాంటిదో ఆయన కళ్లతో చూడటానికి ప్రయత్నించండి. ఏడ్చినా, తిట్టినా చోటివ్వండి. అలా ఇద్దరు మనుషులు నిజంగా కలిసిన క్షణం ఒకటి వస్తుంది. దాని తర్వాత ఆయనా పాత మనిషిగా ఉండడు, మీరూ ఉండరు."

పక్కన కూర్చున్న మార్లిస్ గుసగుసలాడింది. "ఈవిడకి ఒకే పూట ఇన్నిన్ని కుర్చీలు చూడమని ఇస్తే అప్పుడు తెలుస్తుంది గుమ్మంలో ఆగడం."

ఓర్లిందా నవ్వింది గానీ ఆ మాటలు ఆమెను వదల్లేదు. ఆ ఊళ్లో పొరుగింటి మనిషి పోతే చిక్కుళ్ల గిన్నె పట్టుకుని వెళ్తారు, కూర్చుంటారు, ఏడుస్తారు. రోగి పోతే నర్సు దుప్పటి మారుస్తుంది. అంత కాలం ఆమె చేతుల మీదుగా వెళ్లినవాళ్లలో ఎందరి ముఖాలో ఇంకా కళ్లలో మెదులుతాయి. వాళ్లు ఆమెకు ఏమవుతారు? చుట్టాలు కారు, స్నేహితులు కారు. బెంగ మాత్రం ఉంది, దానికి పేరు లేదు. ఈ పెద్దావిడ ఆ పేరు లేనిదాని గురించే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

టర్ము అయ్యేలోగా ప్రతి ఒక్కరూ ఒక రోగిని ఎంచుకుని, నేర్చుకున్నదాన్ని ఆచరించి చూపాలన్నారు. ఓర్లిందా సెలెస్తీనోను ఎంచుకుంది.

మొదటి రోజు పుస్తకంలో ఉన్నట్టే చేసింది. గుమ్మంలో ఆగింది. కుర్చీ లాక్కుని ఆయన కళ్ల ఎత్తులో కూర్చుని, ఆ లోయలో పెద్దవాళ్లను పిలిచే మర్యాదతో ‘దోన్’ అని పిలిచింది. "దోన్ సెలెస్తీనో, ఈ రోజు మీ మనసులో ఏముంది?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నా మనసులో ఏముందో ఈస్టరుకి ఫాదర్ అడిగితేనే చెప్పను. నీకు చెప్తానా?"

మర్నాడు కాక ఆ మర్నాడు చెయ్యి పట్టుకోబోయింది. "జ్వరం లేదులే. చెయ్యి వదులు," అన్నాడు.

అవతలి కుర్చీ దగ్గర మార్లిస్ భుజాలు కదిలేలా నవ్వడం ఓర్లిందాకు కనిపించింది. ముఖం వేడెక్కింది. ఇంటికెళ్లి బెనీకి చెబితే, "ఆయన జన్మంతా గొర్రెలతో గడిపాడు. గొర్రెని మనసులో ఏముందని ఎవరడుగుతారు? ఊరికే పక్కన ఉంటారు," అన్నాడు. తను ఏదో చెప్పానన్న ధ్యాస కూడా లేకుండా రొట్టె తుంచుకుని తింటున్నాడు.

ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. సూదులు పెట్టేసి, కాసేపు వీలు చూసుకుని పక్కన కూర్చునేది. ఆయన కిటికీలోంచి కొండల వైపు చూస్తే తనూ అటే చూసేది.

"నీకు పనేం లేదా?" అన్నాడు ఒక రోజు.

"ఇదే పని."

ఆయన మీసాల్లో ఏదో కదిలింది.

చలికాలం చివర్లో ఒక పొద్దున యంత్రం కూత పెట్టింది. సెలెస్తీనో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయింది. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. ఓర్లిందా కుర్చీ వెనక్కి వాల్చి, సెలైన్ వదిలి, నేల మీద మోకాళ్లూని ఆయన పిక్కలు రెండు చేతులతో పిసికింది. ఆయన కళ్లు మూసుకుని, "పింతా... పింతా... అటు తిప్పవే," అని పిలుస్తున్నాడు. నొప్పి సడలి తెలివి వచ్చాక తన కాలు ఆమె ఒళ్లో ఉండటం చూసి సిగ్గుపడ్డాడు.

"పింతా ఎవరు?" అని అడిగింది ఓర్లిందా.

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. "నా కుక్క. చచ్చిపోయి ఏళ్లయింది. మేకపిల్లంత ఉండేది గానీ మంద మొత్తాన్ని కంటి చూపుతో తిప్పేది. ఈల వేస్తే చాలు." పెదాలు గుండ్రంగా చుట్టి చిన్నగా ఈల వేశాడు. సన్నగా మొదలై పైకి లేచి విరిగిపోయే ఈల. గదిలో మిగతా కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. "ఇది ఎడమకి," అన్నాడు.

"కుడికి?"

దానికి వేరే ఈల. ఆ పూటంతా ఆయన మాట్లాడాడు. చెట్లు ఆగిపోయే ఎత్తున ఉండే పచ్చిక మైదానం గురించి, ఉడుకు నీళ్లలో వేసినట్టు పొద్దున్నే మందంతా ఆవిర్లు కక్కడం గురించి, గొర్రె ఈనలేక తన్నుకుంటే చెయ్యి లోపలికి పెట్టి పిల్లను తిప్పడం గురించి. ఓర్లిందా వింది. ఆమె పుట్టింది ఆ లోయలోనే, ఆ కొండలు పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. కానీ వాటి మీద ఒక మనిషి ఇల్లుందని ఆ రోజే తెలిసింది.

జూన్ వచ్చింది. మందలు కొండెక్కే నెల. సెలెస్తీనో రావడం మళ్లీ మానేశాడు. తన సెలవు రోజున ఓర్లిందా ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఇంట్లో లేడు. మందలు వెళ్లే మట్టిరోడ్డు పక్కన ట్రక్కు ఆపుకుని, స్టీరింగు మీద తలవాల్చి కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచిపోయాయి, ఊపిరి బుసలు కొడుతోంది. రోడ్డంతా అప్పుడే దాటిపోయిన గొర్రెల గిట్టల గుర్తులు.

ఆమె ఎక్కి పక్కన కూర్చుంది. "చావాలనుందా దోన్ సెలెస్తీనో?"

"చావాలని కాదమ్మాయ్," ఊపిరి కూడదీసుకుంటూ అన్నాడు. "పైకి పోవాలనుంది. రెండూ ఒకటేనంటాడు మీ డాక్టరు."

"ముందు నాతో రండి. దీని గురించి ఆలోచిద్దాం."

"ఆలోచిస్తావా? ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టు వేసింది గానీ ఏం ఆలోచించాలో ఆమెకు తెలియదు. కొన్నాళ్లు మథనపడ్డాక తట్టింది. యంత్రం లేకుండా డయాలిసిస్ చేసే పద్ధతి మరొకటి ఉంది. పొట్టలోకి సన్నని గొట్టం అమర్చి, సంచిలోని ద్రవాన్ని లోపలికి ఎక్కించి, కొన్ని గంటల తర్వాత వదిలేయాలి. రోజుకు నాలుగుసార్లు, ఎవరికి వారే చేసుకోవచ్చు. చేతులు శుభ్రంగా ఉండాలి, గొట్టం మూత దేనికీ తగలకూడదు. తగిలితే పొట్టలో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ సంగతి చెబితే, ఆ గది చూసే డాక్టర్ ఫెంటన్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "బొచ్చు, పేడ, దుమ్ము, కుక్కలు. అక్కడికి పొట్టలో గొట్టంతో పంపమంటావు ఆయన్ని?"

"ఇక్కడ ఉంచితే పారిపోతూనే ఉంటాడు డాక్టర్. ఏదో ఒకసారి ఎలోయ్ ఆలస్యంగా తెస్తాడు."

"పైకెళ్తే ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇప్పుడు కాకపోతే తర్వాత."

"రావచ్చు," అంది ఆమె. డాక్టరు చెప్పినదాంట్లో తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు.

"నేర్పు. ఒక్క పొరపాటు లేకుండా చేసి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం."

సంగతి విని సెలెస్తీనో కిటికీ వైపు తిరిగాడు. తర్వాత టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ గదిలో ఆయన నెత్తిని అందరూ చూడటం అదే మొదటిసారి.

నేర్చుకోవడం తేలిగ్గా సాగలేదు. కీళ్లవాతంతో బిగిసిన వేళ్లలోంచి ఆ చిన్న మూతలు జారిపోయేవి. ముఖానికి గుడ్డ కడితే మీసాలు గుచ్చుకునేవి. ఒకసారి విసుగొచ్చి సంచిని గోడకేసి కొట్టాడు. నీళ్లన్నీ నేల మీద పారాయి.

"నా వల్ల కాదు. నువ్వూ నీ సంచులూ."

"సరే. మానేద్దామా?"

"మానేద్దామని నేనన్నానా?"

"మరేమన్నారు?"

"తిట్టానంతే. తిట్టుకోనియ్యవా?"

"తిట్టుకోండి. తర్వాత చేతులు కడుక్కోండి."

వసంతం నాటికి డాక్టరు ఒప్పుకుని గొట్టం అమర్పించాడు. ఓర్లిందా తన సెలవు రోజుల్లో ఎలోయ్ పెరట్లో ఉన్న కాపరి బండి దగ్గరికి వెళ్లేది. గుడారపు గుడ్డ కప్పిన ఆ బండిలో మంచం, పొయ్యి, ఒక బల్ల, అంతే చోటు. కొత్త కుక్కకు గడప దాటకూడదని నేర్పారు. పొయ్యి పక్కన సంచి వేడెక్కించడం, కిటికీలు మూసి గాలి ఆపడం, బండి పైకప్పు వంపుకు సంచి తగిలించడం, అన్నీ అక్కడే సాధన చేశారు. వదిలిన ద్రవాన్ని ప్రతిసారీ వెలుతురుకు ఎత్తి చూడాలి.

"విరిగిన పాల నీళ్లలా మబ్బుగా ఉంటే?" అని అడిగేది ఆమె.

"గుర్రమెక్కి దిగడం."

"మంద?"

"మందని కుక్క చూసుకుంటుంది."

"నిజంగా దిగుతారా?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే నువ్వు."

మరుసటి జూన్‌లో ఆయన కొండెక్కాడు. వెళ్లే ముందు డాక్టరుతో చెయ్యి కలిపాడు, మార్లిస్‌కి తలూపాడు. ఓర్లిందాతో మాత్రం, "వస్తానమ్మాయ్," అని ఊరికే అనేసి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి వారమే ఆ కుర్చీలోకి వేరే రోగి వచ్చింది. మంచి మనిషి, కబుర్లపోగు. ఓర్లిందా గుమ్మంలో ఆగేది, ఆమె పక్కన కూర్చునేది, వినేది. అయినా పడమటి కిటికీల వైపు చూసినప్పుడల్లా లోపల ఏదో లాగేది. ఆ పచ్చిక మైదానం ఎటు వైపు ఉందో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. ఊరికే ఒక మంచు చారికను ఎంచుకుని, అక్కడే ఉన్నాడనుకునేది.

"ఏమైందే నీకు, గొర్రెల ముసలాడి మీద బెంగ పెట్టుకున్నావా?" అన్నాడు బెనీ.

"అవును," అంది. అతను ఎగతాళికి అన్నాడు, ఆమె అవునంది. బెనీ నవ్వు ఆపి, ఆమె కంచంలో ఇంకొంచెం మటన్ కూర వడ్డించాడు.

థెల్మా రస్ట్ ఆ వేసవిలో ఒకసారి వచ్చినప్పుడు ఓర్లిందా అడిగేసింది. "మీరు చెప్పినట్టే చేశాను మేడమ్. ఆయన బాగున్నాడు, వెళ్లిపోయాడు. బాగా చూసుకుంటే మనిషి వెళ్లిపోతాడని మీరు చెప్పలేదు. ఇక్కడ మిగిలినదాన్ని నేనేం చేసుకోవాలి?"

పెద్దావిడ కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడింది. "నేను కొత్తగా చేరినప్పుడు పోలియో వార్డులో ఒక పిల్లాడుండేవాడు. నడక నేర్పాను. నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఇప్పటికి వాడికి మనవలుంటారు. రోడ్డు మీద ఎవరైనా కాలు కొంచెం ఈడ్చి నడిస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను." ఆ మాటతో కారు తలుపు తీసింది.

ఆగస్టులో సంచుల పెట్టెలు పైకి చేర్చాల్సి వస్తే ఎలోయ్‌తో పాటు ఓర్లిందా కూడా వెళ్లింది. ట్రక్కు ఆగిపోయిన చోటి నుంచి గుర్రాల మీద. ఒక మలుపు తిరిగేసరికి మైదానం అమాంతం కళ్ల ముందు పరుచుకుంది. గడ్డి మోకాళ్లెత్తు, గాలి పల్చగా, గొర్రెలు ఎవరో చల్లిన బియ్యంలా వాలు మీద పడి ఉన్నాయి. బండి ముందు సెలెస్తీనో చేతులు కడుక్కుంటున్నాడు.

"సరిగ్గా వేళకి వచ్చావు. చూడు, వంక పెట్టు," అన్నాడు.

ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దాడు. సంచి తగిలించి, మూత తీసి, బిగించి, అంతా తొందరపడకుండా చేశాడు. బయటికి వచ్చిన ద్రవాన్ని ఆకాశానికెత్తి చూపించాడు. దాని వెనక మేఘం అంచు స్పష్టంగా కనబడింది. ఓర్లిందాకు వంక దొరకలేదు.

ఇనుప కుండలో బొగ్గుల మీద కాల్చిన రొట్టె, పచ్చిమిరపకాయలు వేసి వండిన మాంసం పెట్టాడు. తను మాత్రం కొంచెమే తిన్నాడు. ఎలోయ్ గుర్రాలకు నీళ్లు పట్టడానికి వెళ్లాడు. సెలెస్తీనో ఈల వేశాడు. వాలు అవతల కుక్క చుట్టు తిరిగింది, మందంతా ఒక్క ఒళ్లులా కదిలి ఇటు వంగింది. ఇక్కడ ఈయనకు తనతో ఏ పనీ లేదు. ఆ సంగతి ఆమెకు సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది.

"ఒకటి చెప్తాను, నవ్వకూడదు," అన్నాడు ఆయన. "నీ గదిలో ఉన్నన్నాళ్లూ ఇక్కడికి రావాలని బెంగ. తీరా ఇక్కడికొచ్చాక ఆ గది మీద బెంగ."

"ఆ గది మీదా? ఆ కుర్చీ మీదా?"

"కుర్చీ మీద ఎవరికి బెంగ ఉంటుందే, పిచ్చిదానా."

ఇద్దరూ కొండవాలు చూస్తూ కూర్చున్నారు. ఎలోయ్ వచ్చి పొద్దుపోతోందని తొందరపెట్టే దాకా అలాగే ఉన్నారు.

సెలెస్తీనో మరో వేసవి కూడా కొండెక్కాడు. ఆ ఏడు మంద దిగిరావడానికి కొద్ది రోజుల ముందు సంచిలో నీళ్లు మబ్బుగా వచ్చాయి. మాట తప్పలేదు. కుక్కకు మంద అప్పగించి, వెంటనే గుర్రమెక్కి దిగివచ్చాడు. మందులతో ఇన్ఫెక్షన్ తగ్గింది గానీ పొట్టలో గొట్టం తీసేయాల్సి వచ్చింది. మళ్లీ యంత్రం, మళ్లీ కుర్చీ.

"తిరిగొచ్చాను చూశావా," అన్నాడు. "బెంగ పెట్టుకుంటే ఇంతే."

ఆ చలికాలం ఆయన గుండె నీరసించింది. మాటలు తగ్గాయి. ఓర్లిందా పక్కన కూర్చుంటే ఈసారి ఆయనే చెయ్యి చాపి ఆమె చేతిమీద పెట్టేవాడు. ఒకనాడు ఆమె అడగకుండా ఉండలేకపోయింది. "నేను పంపకుండా ఉంటే బాగుండేదా?"

"దేనికి?"

"ఇంకొన్నాళ్లు..."

"ఇంకొన్నాళ్లు ఈ కిటికీయేగా," అన్నాడు. డాక్టర్ ఫెంటన్ మాత్రం ఒకసారి, యంత్రం మీదే ఉంచి ఉంటే బహుశా, అని మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. ఆ మానేసిన మాట ఓర్లిందా దగ్గర ఉండిపోయింది. రెండింటిలో ఏది నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఈస్టరుకు ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని ఆయన ఇక లేవలేదు. సోమవారం ఓర్లిందా డ్యూటీకి వచ్చేసరికి మార్లిస్ గుమ్మంలో ఎదురై చెప్పింది. తర్వాత ఆయన కుర్చీ వైపు చూపిస్తూ, "ఈ పూటకి అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టలేదు. అందర్నీ అటూ ఇటూ సర్దేశాను. కాసేపు కూర్చుంటావా?" అని అడిగింది. ఓర్లిందా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. మార్లిస్ పక్కనే ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

చర్చిలో ఆమె, బెనీ చివరి వరసలో కూర్చున్నారు. సమాధి దగ్గర చుట్టాలంతా ముందుకు వెళ్లి మట్టి వేస్తుంటే ఆమె వెనకే నిలబడిపోయింది. సెలెస్తీనో చెల్లెలు ఉబాల్దా, వంగిపోయిన ముసలావిడ, కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది.

"నువ్వెవరి పిల్లవమ్మా?"

"ఆసుపత్రిలో... ఆయన్ని చూసుకునేదాన్ని."

"ఓహో, నువ్వా ఓర్లిందావి. చేతులు ఇలా కడగాలి, అలా కడగాలి అంటూ నీ పేరు చెప్పి మా ప్రాణాలు తీసేవాడు. ఇక్కడ నిలబడ్డావేం? పద, మట్టి వెయ్యి." చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఆ తర్వాత లోయలో సంచుల డయాలిసిస్ నేర్పే పని ఓర్లిందాకే అప్పగించారు. చాలామందికి నేర్పింది. వాళ్లలో కొందరు మనవరాలి పెళ్లికని, కొందరు చేపలు పట్టడానికని, కొందరు ఊరికే ఇంట్లో ఉండటానికని వెళ్లిపోయారు. ప్రతివాళ్లనూ గుమ్మం దాకా సాగనంపేది.

ఆయన పోయిన ఏడాదే జూన్‌లో, ఒక్కసారి ఆ మైదానం చూసొద్దామని బెనీని బయల్దేరదీసింది. ఆ ఏడు మంచు ఇంకా కరగలేదు. సగం దూరం వెళ్లేసరికి రోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టి ఉంది. దాని అవతల దారి తెల్లగా పైకి వెళ్లి చెట్లలో కలిసిపోయింది. ఇద్దరూ ట్రక్కు వెనక పలక దించుకుని కూర్చుని, తెచ్చుకున్న రొట్టెలు తిన్నారు.

"ఎటువైపు?" అని అడిగాడు బెనీ.

ఆమె చెయ్యెత్తి చూపించబోయి, మంచులో గుర్తులేవీ కనిపించక, ఏ వైపో తేల్చుకోలేక దించేసింది. "పైన ఎక్కడో," అంది.

"మంచు కరిగాక మళ్లీ వద్దాంలే."

"వద్దాం."

ఎండ వాలేదాకా అక్కడే కూర్చుని, తర్వాత ఇంటికి తిరిగివచ్చారు.